బొడ్డు లేని బాలింత

పోయిన నెలలో ముగ్గురు ఆడవాళ్లు నన్ను చాటుకు పిలిచి ఒకటే మాట అడిగారు. ఒకామె బడి గేటు దగ్గర, ఒకామె నల్లా దగ్గర, ఇంకొకామె ఏకంగా చర్చిలో ప్రసంగం నడుస్తుండగానే. "పొట్ట కోయించుకుంటే ఎన్నాళ్లకు లేచి తిరగొచ్చు టీచరమ్మా? బాగ నొస్తదా?" ముగ్గురూ కొంగు పొట్టకు అడ్డం పట్టుకునే అడిగారు. ఆ కొంగు పట్టు నాకు బాగా తెలుసు. రెండేళ్లు నేనూ అట్లాగే పట్టుకుని తిరిగాను. ఒక్కొక్కరి చెవిలో విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. చెవిలో చెప్పుకోవాల్సిన సంగతని కూడా నేను అనుకోవడం లేదు. అందుకే రాస్తున్నాను. ఎవరు చదువుకుంటారో చదువుకోండి.

నా పేరు మార్త. సికింద్రాబాదులో మిషన్ బళ్లో నాలుగో తరగతి టీచరును. మా ఆయన దానియేలు రైల్వే ఆఫీసులో గుమాస్తా. మేమూ, మా అత్తమ్మ అన్నమ్మా, ముగ్గురు పిల్లలూ రాంగోపాల్‌పేట్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటాం. నాలుగో కాన్పు ఏడో నెలలోనే వచ్చింది. ఆడపిల్ల. ఒక పగలు, ఒక రాత్రి బతికింది. బాప్తిస్మం ఇవ్వడానికి పాస్టరుగారు వచ్చేలోపే పోయింది. అందుకని చర్చి పుస్తకంలో పేరు ఎక్కలేదు. పేరు లేని బిడ్డ గురించి ఎవరూ మాట్లాడరు. నేనూ మాట్లాడలేదు.

ముందు మూడు కాన్పులకూ అత్తమ్మ నన్ను నలభై రోజులు గడప దాటనివ్వలేదు. పాత నూలు చీర చింపి నడుము చుట్టూ బిగించి నడికట్టు కట్టింది. కాయం ముద్దలు మింగించింది, వేన్నీళ్లు పోసింది, సాంబ్రాణి పొగ వేసింది. నాలుగోసారి అవేవీ జరగలేదు. బిడ్డ లేని ఇంట్లో బాలింత ఎవరు? ఆరో నాడు లేచి బడికి పోయాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండింది. నన్ను ఎవరూ ఆపలేదు.

బిడ్డ పోయింది గానీ పొట్ట పోలేదు. చర్మం సంచిలా వేలాడింది. బొడ్డు దగ్గర ముందు నిమ్మకాయంత గడ్డ లేచింది, ఏడాది తిరిగేసరికి బత్తాయంత అయింది. దగ్గితే బయటికి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. పొట్ట మడత కింద ఎండాకాలమంతా ఒరుసుకుపోయి మంట. నడుము నొప్పితో మూడో పీరియడుకే కుర్చీలో కూలబడేదాన్ని. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒకటుంది. కనిపించిన ప్రతి మనిషీ, "ఎన్నో నెల?" అని అడగడం.

మా సంఘంలో గ్రేసమ్మగారని ఒక పెద్దావిడ. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఆవిడ ఆదివారం ఆదివారం అడిగేది. "ఎన్నో నెలమ్మా మార్తా?" మొదటిసారి ఏడ్చాను. రెండోసారి తల దించుకున్నాను. పదోసారి, "ఇరవై రెండో నెలండీ, ఏనుగును మోస్తున్నాను," అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. అడగడం మాత్రం మానలేదు.

మా చర్చిలో ఒక ఆచారం ఉంది. నలభై రోజులు నిండిన బాలింత మొదటిసారి ఆరాధనకు వచ్చినప్పుడు పాస్టరుగారు పేరు పెట్టి ముందుకు పిలుస్తారు. ఆమె బిడ్డనెత్తుకుని సంఘమంతా చూస్తుండగా నిలబడి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటుంది. ముగ్గురు పిల్లలకూ నేను అట్లా నిలబడ్డాను. నాలుగోసారి పిలుపు రాలేదు. ఎట్లా వస్తుంది? కానీ వేరే తల్లి అక్కడ నిలబడ్డప్పుడల్లా నేను కీర్తనల పుస్తకంలో తల దూర్చేదాన్ని.

ఆ జూలైలో మా హెడ్‌మిస్ట్రెస్‌గారు పిలిచి మంచిగానే చెప్పారు. "దసరా సెలవుల తరువాత కూడా ఇట్లాగే ఉంటే నిన్ను కుట్టుపని క్లాసుకు మారుస్తాను మార్తా. అక్కడ కూర్చుని చెప్పొచ్చు." ఆమెకు నా మీద జాలి. నాకు మాత్రం ఒళ్లు మండింది. పదమూడేళ్లుగా నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పినదాన్ని. నా పొట్ట నన్ను కూర్చోబెడుతుందా? మరునాడే మిషన్ ఆసుపత్రికి పోయాను.

ఆ ఆసుపత్రిలో కాచుకుని కూర్చునే వరండా గురించి ఒక మాట. అక్కడ బల్లల మీద కూర్చున్న ఆడవాళ్లందరం ఒకరి పొట్ట ఒకరం దొంగచూపులు చూసుకున్నాం. నా పక్కనున్న ముసలామె నోరు తెరిచేలోపే, "నెలలు కాదమ్మా, గడ్డ," అని చెప్పేశాను. మూడు వారాలు తిరిగాక దొరసాని డాక్టరు నన్ను పడుకోబెట్టి, లేవమని, దగ్గమని చూసింది. తనకు వచ్చిన తెలుగులో చెప్పింది. "కండ మధ్యలో చీలింది. కలిపి కుట్టాలి. ఎక్కువ చర్మం కోసి తీస్తాను. బొడ్డు మిగలదు. సరేనా?"

"బొడ్డుతో నాకిప్పుడేం పని డాక్టరమ్మా? తీసెయ్యండి," అన్నాను.

ఇంట్లో పెద్ద గొడవ. దానియేలు మంచివాడే, కానీ భయస్తుడు. "పానానికి తక్లీఫ్ లేదు గద మార్తా. ఉత్తగ ఎందుకు కోయించుకునుడు? బయట దినాలు సుత మంచిగ లెవ్వు."

"తక్లీఫ్ నీకు లేదు. నాకుంది."

గ్రేసమ్మగారు మరో నలుగురిని వెంటేసుకుని ప్రార్థనకు వచ్చింది. నా కోసం కాదు, నా మనసు మారాలని. "దేవుడిచ్చిన ఒంటిని అందం కోసం కోయించుకుంటారా అమ్మా? ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"అందం కోసమే అనుకోండి. నిటారుగా నిలబడటం అందమైతే దాని కోసమే," అన్నాను. ఆవిడ చాయ్ తాగకుండా లేచిపోయింది. అత్తమ్మ మాత్రం అటూ ఇటూ మాట్లాడలేదు. పెట్టె తెరిచి తన పాత నూలు చీరలు రెండు తీసి ఉడకబెట్టి ఎండేసింది. యూనియన్‌వాళ్లు నిజాం సరిహద్దు మూసేసి సామాను రావడం లేదని, కట్టు కట్టే గుడ్డ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలని ఆసుపత్రిలో చెప్పారు మరి.

సెప్టెంబరు మొదట్లో ఆపరేషన్ అయింది. మొదటి మూడు రోజుల గురించి దాచకుండా చెబుతాను. నొప్పి ఉంటుంది. కత్తి నొప్పి కాదది, ఎవరో నన్ను రెండుగా మడిచి తాడేసి బిగించినట్టు ఉండింది. కాళ్లు చాపలేను, మోకాళ్ల కింద దిండు పెట్టి వీపు ఎత్తుగా పడుకోవాలి. మత్తు దిగుతుంటే వాంతి వస్తుంది, వాంతి వస్తే ప్రాణం పోయినంత పని. అప్పుడు నాకు దారి చూపింది ఆయా జైనబ్‌బీ. మా పక్క గల్లీలోనే ఉంటుంది, అప్పటిదాకా ముఖపరిచయం కూడా లేదు. దిండు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "దగ్గు వస్తే తకియా పొట్టకు గట్టిగ ఒత్తుకో అమ్మా. కుట్టు కదలదు. నవ్వు వచ్చినా అంతే." నవ్వు ఎందుకొస్తుందిలే అనుకున్నాను. వచ్చింది. రెండో రోజు సాయంత్రం దానియేలు వచ్చి కట్టు వంక భయం భయంగా చూసి, "బొడ్డు నిజంగనే లేదా?" అన్నాడు. లేదన్నాను. కాసేపు ఆలోచించి, "పర్వాలేదు తియ్. దేవుడు తన చేతులతోని చేసిన మొదటి ఇద్దరికీ సుత లేదు గద," అన్నాడు. దిండు అదుముకుని, ఏడుస్తూ నవ్వాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన వేసిన మంచి పరాచికం అదొక్కటే, అదీ కుట్లు ఉన్నప్పుడే వెయ్యాలా?

మూడో రోజు లేపి నడిపించారు. వంగి నడవాల్సి వచ్చింది, ముఖం నేలకేసి. నిటారు కావడం కోసం కోయించుకున్న మనిషిని గూని ముసలమ్మనయ్యాను. అద్దంలో చూసుకుని గుండె జారిపోయింది. డాక్టరు మాత్రం, "ఇప్పుడే నిలబడే పౌరుషం వద్దు. మూడు వారాలు వంగే ఉండు. ఆరు వారాలు చెంబు నీళ్ల కంటే బరువు ఎత్తకు. రెండు వారాలు కుట్టు తడవకూడదు. నీళ్లు బాగా తాగు. కుట్టు విడిపోతే మళ్లీ మొదటికే వస్తుంది," అని వేళ్లు మడిచి మరీ చెప్పింది. మీకెవరికైనా ఇదే జరిగితే ఆ గూని చూసి భయపడకండి. అది పోతుంది. కుట్టు కింద తాకితే తెలియదు, వేరేవాళ్ల చర్మం తాకినట్టుంటుంది. అదీ మెల్లగా తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం నేను చెప్పలేను. నాకింకా పోలేదు.

మూడు వారాలు మంచం మీద ఉంచుతామన్నవాళ్లు తొమ్మిదో రోజునే పంపించేశారు. యూనియన్ మిలిటరీ బయలుదేరిందని, గాయపడినవాళ్లు వస్తే మంచాలు కావాలని చెప్పారు. తప్పు పట్టలేను. జట్కాలో ఇంటికి వచ్చాం. దారిలో ఉన్న ప్రతి రాయినీ నా పొట్ట లెక్కపెట్టింది. పైన విమానం మోత. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. జట్కావాడు మా గడప ముందు దింపగానే గుర్రాన్ని అదిలించి పోయాడు.

ఇంట్లో అడుగు పెట్టి చూద్దును కదా, లోపలి గదిలో మంచానికి చీర తెర కట్టి ఉంది. మూలన కుంపటి. గూట్లో సాంబ్రాణి. గిన్నెలో నల్లగా కాయం ముద్దలు. వెల్లుల్లి కారం వాసన ఇల్లంతా. అత్తమ్మ నా చెవుల్లో దూది పెట్టబోయింది.

"నేను కనలేదు అత్తమ్మా. కోయించుకొచ్చాను."

"కోస్తే సుత పచ్చి ఒళ్లే గద. నాకు తెల్వదా? నువ్వు నోరు మూసుకొని పండు."

దాహమేసి నీళ్లడిగితే సగం గ్లాసు వేడి నీళ్లు ఇచ్చింది, బాలింతకు ఇచ్చినట్టే. డాక్టరు ఎక్కువ తాగమందని అరిచాను. అరిస్తే పొట్ట లాగింది. "దొరసాని ఎన్ని కాన్పులు చేసుకున్నది?" అంది ఆమె. ఆ దొరసానికి పెళ్లే కాలేదు. పెద్దపిల్ల చేత దొంగతనంగా నీళ్లు తెప్పించుకుని తాగాను. సాయంత్రం ఎదురింటామె తెర తొలగించి తల పెట్టింది. తెర, కుంపటి చూసి ఆమె లెక్క ఆమె వేసుకుంది. "పిల్లా, పిలగాడా?"

ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. "బత్తాయంత బొడ్డు. ఆసుపత్రిలనే విడిచిపెట్టొచ్చిన," అన్నాను. ఆమె నా ముఖం కేసి, పక్కన ఖాళీ చోటు కేసి చూసి మెల్లగా తల వెనక్కి తీసుకుంది. ఆ రోజు ఆ ఖాళీ చోటు కేసి నేనూ చాలాసేపు చూశాను. రెండేళ్ల కింద చూడాల్సింది.

తప్పు ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున జరిగింది. అత్తమ్మ పెద్ద కాగులో వేపాకు వేసి నీళ్లు కాచింది. పీట వేసింది. "తానం చేస్తె పానం లేచొస్తది. నడుముకు నీళ్లు వడాలె." వద్దన్నాను. కానీ చెమటకు ఒళ్లంతా జిగురు, నా కంపు నాకే వస్తోంది, పది రోజులుగా నీళ్లు తగల్లేదు. ఆమె మళ్లీ అడిగింది. ఈసారి నేను పీట మీద కూర్చున్నాను. తప్పంతా ఆమెదే అని రాస్తే అబద్ధమవుతుంది. కట్టు మీద నుంచి చెంబుల కొద్దీ వేడి నీళ్లు పడుతుంటే నాకు హాయిగా ఉండింది. పైగా కళ్లు మూసుకున్నాను.

మూడో నాటికి జ్వరం. ఎడమ పక్క కుట్టు చివర వేలెడంత మేర నోరు తెరిచింది. వాసన. డాక్టరు మాట చెవిలో మోగింది, మళ్లీ మొదటికే వస్తుంది. చావు భయం కంటే అదే నన్ను ఎక్కువ వణికించింది. ఇంత కోత కోయించుకుని, ఇంతమంది నోళ్లలో పడి, చివరికి మళ్లీ అదే సంచీ వేసుకుని గ్రేసమ్మగారి ముందు నిలబడాలా? కుట్టుపని క్లాసులో కూర్చోవాలా? దానియేలు జట్కా కోసం రెండుసార్లు బయటికి పోయాడు. గల్లీ చివర రజాకార్లు ఆపి వెనక్కి పంపించారు. రేడియోలో ఒకటి చెబుతున్నారు, వీధిలో ఇంకొకటి. "ఏం సమజైతలేదు మార్తా," అని తల పట్టుకుని కూర్చున్నాడు.

అత్తమ్మ చెంగు నెత్తిన కప్పుకుని బయటికి నడిచింది. అరగంటకు జైనబ్‌బీ చెయ్యి పట్టుకుని వచ్చింది. గల్లీ చివర వాళ్లను ఎట్లా దాటి వచ్చారో ఇద్దరూ చెప్పలేదు. జైనబ్‌బీ చేతులు కడుక్కుని, కట్టు విప్పి, వాసన చూసి అత్తమ్మను ఒక్క చూపు చూసింది. ఉప్పు నీళ్లు మరగబెట్టించింది. ఆ చివర రెండు కుట్లు కత్తిరించి చీము పిండింది. నా పళ్ల మధ్య తువాలు పెట్టారు. దాన్ని కొరికి చింపాను. అంతా అయ్యాక వేలితో లోపల నొక్కి చూసి ఆమె అంది, "లోపలి కండ గట్టిగ ఉంది అమ్మా. పైతోలే విడిచింది. పరేషాన్ కావద్దు. రోజూ వచ్చి కడుగుత." ఆ మాట వినగానే నేను పెద్దగా ఏడ్చాను, దిండు కూడా పట్టుకోకుండా.

ఆ సాయంత్రం అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చీర పీలికలు ఉడకబెడుతోంది. ఆమె వైపు చూడను కూడా చూడకూడదని నేను గోడకు తిరిగి పడుకున్నాను. వెనక నుంచి ఆమె మాటలు వినిపించాయి.

"నా వల్లనే అయింది. ఇప్పుడు గాదు, అప్పుడే. నాలుగోసారి నేను నడికట్టు కట్టలే. కట్టవోతె నువ్వు ఏడుస్తవని భయపడ్డ. నువ్వు ఏడిస్తె నేను ఆగలేను గద. ఆరో దినం నువ్వు బడికి పోతుంటె తలుపు కాడ నిలవడి చూసిన. ఆపలే. అప్పుడు కట్టి ఉంటె నీ పొట్ట గిట్ల జారిపోకపోవు బిడ్డా. గందుకే ఇప్పుడన్న అన్నీ చెయ్యాలనుకున్న. నీళ్లు వోస్తె చెడుతదని నాకు నిజంగ తెల్వదు."

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసి మళ్లీ అంది.

"దానికి నేనొక పేరు వెట్టుకున్న. రూతు అని. గా రాత్రి నా ఒళ్లనే ఉండె గద. పేరు లేకుంట ఎట్ల పిలుస్త?"

రెండేళ్లలో ఎవరైనా ఆ బిడ్డ గురించి నా ఇంట్లో నోరు విప్పడం అదే మొదటిసారి. నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ దాచినందుకు వచ్చింది. నా బిడ్డకు పేరు ఉంది, అది నాకు తెలియదు, ఆమెకు తెలుసు. కోపం తీరేదాకా ఏడ్చి, ఇటు తిరిగి, "నీళ్లు ఇయ్యి అత్తమ్మా. నిండు గ్లాసు," అన్నాను. నిండుగానే ఇచ్చింది.

రెండో వారం దాటుతుండగా లొంగిపోయామని నిజాం రేడియోలో చెప్పాడన్నారు. మరునాడు మిలిటరీ బొల్లారం దాకా వచ్చిందని వీధులన్నీ రోడ్డు మీదికి వచ్చాయి. నేనూ గల్లీ చివరిదాకా పోయాను, దానియేలు మోచెయ్యి పట్టుకుని, వంగి. పక్కన జనం నిక్కి నిక్కి చూస్తూ జై కొడుతున్నారు. నాకు ఎదుటివాళ్ల కాళ్లూ, చెప్పులూ, రాలిన బంతిపూలూ కనిపించాయి. నేనూ జై అనబోయాను. పొట్ట పట్టేసింది. జై అనడానికి కూడా పొట్ట కావాలని ఆ రోజు తెలిసింది. అందరూ లేచి నిలబడుతున్న రోజున నేనొక్కదాన్నే వంగి ఉన్నానని ఉక్రోషం వచ్చింది. ఉండండి, నా రోజూ వస్తుంది అనుకున్నాను.

ఆ తరువాత రెండు రోజులు జైనబ్‌బీ రాలేదు. ఇప్పుడు భయపడే వంతు ఆమె గల్లీది. తలుపులన్నీ లోపలి నుంచి గడియ వేసి ఉన్నాయన్నారు. అత్తమ్మ మళ్లీ చెంగు కప్పుకుని పోయింది. తిరిగి వచ్చేటప్పుడు జైనబ్‌బీని తన పక్కన, గోడ వైపు నడిపించుకుంటూ వచ్చింది. మా గల్లీ మొదట్లో ఎవరో ఏదో అడ్డం మాట్లాడారట. "నా కోడలి కుట్లు ఇప్పనీకి వస్తున్నది. అడ్డమొచ్చేటోడు ఎవడో ముందుకు రాండ్రి," అందట మా అత్తమ్మ. దానియేలు కళ్లారా చూసి వచ్చి చెప్పాడు. ఆ రోజు మిగిలిన కుట్లన్నీ విప్పారు. జైనబ్‌బీ మూడు రోజులు మా ఇంట్లోనే ఉంది. నా మంచం పక్కనే పడుకుంది, తెర అవతల.

ఇక మూడో వారం నుంచి ఐదో వారం దాకా. అదే అసలు పరీక్ష, ఎవరూ చెప్పరు. నొప్పి తగ్గుతుంది, చూడ్డానికి వచ్చేవాళ్లు మానేస్తారు, నువ్వు బాగున్నావని ఇంట్లో అందరూ అనుకుంటారు. పొద్దున పలచగా ఉన్న పొట్ట సాయంత్రానికి వాచి బిగుస్తుంది. మళ్లీ పెరిగిందేమోనని పదే పదే తడుముకుంటావు. అది వాపు మాత్రమే, తెల్లారేసరికి పోతుంది. మా చిన్నది లిల్లీ ఐదేళ్లది, ఎత్తుకోమని చేతులు చాపితే ఎత్తుకోలేక మనసు చివుక్కుమంటుంది. నేను మంచం మీద కూర్చుని దాన్నే ఎక్కమన్నాను. ఎక్కి నా పొట్ట మీద చెయ్యి పెట్టి, "అమ్మా, ఇక్కడ నీకు కన్ను పోయింది," అంది.

నడికట్టు మాత్రం అత్తమ్మ కట్టిందే కట్టు. జైనబ్‌బీ ఎంత బిగించాలో చూపించింది, అత్తమ్మ చేతులకు అసలు పని ముందే తెలుసు. ఆ కట్టు లేకపోతే నేను లేచేదాన్ని కాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇష్టం లేదు, అయినా రాస్తున్నాను. మీరు కూడా పాత నూలు చీరే వాడండి, కొత్తది ఒరుసుకుంటుంది.

రోజూ పొద్దున గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. మడమలు ఆనించి, వీపు ఆనినంత ఆనించి. దానియేలు నా తల మీద స్కేలు పెట్టి సుద్దతో గోడ మీద గీత గీసేవాడు. మొదటి గీత నా పెద్దపిల్ల ఎత్తుకు కాస్త పైన ఉంది. మరునాడు గోరంత పైకి. ఒక్కో రోజు ఏమీ పెరగలేదు, ఒక్కో రోజు వేలెడు పెరిగింది. ముప్పై నాలుగేళ్ల వయసులో చిన్నపిల్లలా ఎత్తు పెరిగాను. ఒక రోజు వీపూ, తలా రెండూ గోడకు ఆనాయి. ఆ తరువాత మూడు రోజులు గీత మీదే గీత పడింది. "ఖతం. గిదే నీ ఎత్తు," అన్నాడు దానియేలు. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి, క్రిస్మస్‌కు సున్నం వేసినప్పుడు ఆ మేర వదిలేయమన్నాను.

నలభై రోజులు నిండిన తరువాత వచ్చిన ఆదివారం చర్చికి పోయాను. మరునాడు బడి తెరుస్తారు. కుచ్చిళ్లు ముందుకు జారకుండా చీర కట్టుకున్నాను, కొంగు భుజం మీద వదిలేశాను. గ్రేసమ్మగారు తలుపు దగ్గరే ఎదురైంది. పై నుంచి కిందిదాకా చూసింది. "పోనీలేమ్మా. నీ పంతం నెగ్గించుకున్నావు. ఇక సంతోషమేనా?"

"చాలా సంతోషమండీ," అన్నాను. నవ్విన నాపచేనే పండుతుందని మనసులో అనుకున్నాను, చర్చి గుమ్మం కాబట్టి పైకి అనలేదు.

ఆ రోజు ఒక చిన్న వయసు బాలింత వచ్చింది, తొలి కాన్పు. ప్రసంగం ముగిశాక పాస్టరుగారు ఆమె పేరు పిలిచి, "కృతజ్ఞత చెప్పుకోవాల్సిన తల్లులు ఇంకెవరైనా ఉంటే రావచ్చు," అన్నారు. ఎప్పుడూ అనే మాటే అది. నేను అలవాటుగా కీర్తనల పుస్తకం తెరిచాను. పక్కనుంచి అత్తమ్మ చెయ్యి వచ్చి ఆ పుస్తకం మూసింది.

"లే బిడ్డా. నలభై దినాలు నిండినయ్."

ఆమె ముఖం చూశాను. ఆమె ముందుకే చూస్తోంది. నేను లేచాను. వరుస దాటుతుంటే గ్రేసమ్మగారు నా కొంగు అందుకుంది. "ఎక్కడికమ్మా నువ్వు? బిడ్డ ఏది?" కొంగు విడిపించుకుని నడిచాను. ఆ మధ్య దారి అంత పొడుగని నాకెప్పుడూ తెలియదు. పోయి ఆ చిన్న తల్లి పక్కన నిలబడ్డాను. ఆమె చేతుల్లో బిడ్డ ఉంది, నా చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని పొట్టకు అడ్డం పెట్టుకోలేదు. పక్కలకు వదిలేసి, మడమలు ఆనించి, మా ఇంటి గోడకు ఆనుకున్నట్టే నిలబడ్డాను. వెనక గుసగుసలు మొదలయ్యాయి.

పాస్టరుగారు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు. "మార్తా, నీ గురించి ఏమని ప్రార్థించమంటావు?"

"నాలుగో కాన్పుకు నలభై రోజులు నాకు ఇప్పుడు నిండాయండీ," అన్నాను. మెల్లగా చెప్పలేదు. తరగతిలో చివరి బెంచీకి వినిపించేలా ఎట్లా చెబుతానో అట్లా చెప్పాను. పొట్ట నొప్పి పుట్టలేదు. "ఆడపిల్ల. ఒక పగలు, ఒక రాత్రి ఉంది. పేరు రూతు. పెట్టింది మా అత్తమ్మ. మీ పుస్తకంలో రాసుకోండి."

ఆయన పుస్తకం తెప్పించమని సైగ చేశారు. అత్తమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు, నా పక్కన నిలబడి ఉంది. గుసగుసలు ఆగిపోయాయి. చర్చిలో కలం గీసిన చప్పుడు నాకు వినిపించింది.

ఎన్నాళ్లకు లేచి తిరగొచ్చు అని అడిగారు కదా. కుట్లకు నలభై రోజులు పడుతుంది. కొంగు తీయడానికి నాకు రెండేళ్లు పట్టింది, మీరు అంత ఆలస్యం చేయకండి. సోమవారం పొద్దున బడికి పోయి నల్లబల్ల మీద తారీఖు వేశాను. చివరి పీరియడు గంట కొట్టేదాకా కుర్చీలో కూర్చోలేదు.